ష్రాత్ వ్యాయామం చేస్తుంటే నడుము ఎడమవైపే బిగుసుకుపోతోంది

మా అమ్మాయికి 14 ఏళ్లు, స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకి వంగడం). వీపు దగ్గర వెన్ను కుడివైపుకి, నడుము దగ్గర ఎడమవైపుకి వంగింది. కాబ్ కోణం (ఎక్స్‌రేలో వంపు ఎంతో చెప్పే కొలత) పైన 22 డిగ్రీలు, కింద 16. బ్రేస్ (వెన్నుకి ఊతంగా ఒంటికి తొడిగేది) ఇప్పుడే వద్దని, ఈ వంపు కోసమే చేయించే ష్రాత్ వ్యాయామాలు నేర్పించారు. 11 వారాలుగా రోజూ సాయంత్రం అరగంట చేస్తోంది.

స్టూల్ మీద కూర్చుని, వెన్ను పైకి సాగదీసి, వీపు ఎడమవైపు లోతుగా ఉన్న చోటికి గాలి పీల్చేదానితోనే చిక్కు. మూడో శ్వాసకల్లా నడుము ఎడమ కండరం తాడులా పైకి లేస్తుంది. వేలితో నొక్కితే చెక్కలా ఉంటుంది, కుడివైపు మాత్రం మెత్తగా ఉంటుంది. నొప్పి, తిమ్మిరి లేవు. కానీ గంటసేపు పట్టేసినట్టు ఉంటుందట.

బిగబట్టే సమయం 10 సెకన్ల నుంచి 5కి తగ్గించాం. అద్దం ముందు చేయించాం. వేడినీళ్ల కాపడం పెడితే ఆ పూటకే హాయి. ఫిజియోకి ఫోన్ చేస్తే "మామూలే, కానివ్వండి" అన్నారు, మళ్లీ చూసేది మూడు వారాల తర్వాతే. వంపు ఉబ్బిన వైపు కండరం ఎక్కువ పనిచేస్తుందని నాకూ తెలుసు, కానీ ఇంతగానా?

ఈ వ్యాయామం చేసినవాళ్లు, చేయించే ఫిజియోలు చెప్పండి: ఈ బిగుతు కండరం సరిగ్గా పనిచేస్తున్నందుకా, నడుము తప్పుగా పెడుతున్నందుకా అన్నది ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?