కారు, రోడ్డు రోలరు: గుర్తు పని చేసేది పోలికతోనా, అలవాటుతోనా?

మూసీ ఒడ్డు: 2022 మునుగోడు ఉపఎన్నికలో ఒక అభ్యర్థికి ఇచ్చిన రోడ్డు రోలరు గుర్తు తమ కారు గుర్తును పోలి ఉందని తెరాస ఫిర్యాదు చేసింది. రిటర్నింగ్ అధికారి ఆ గుర్తు మారిస్తే ఎన్నికల సంఘం రోలరునే తిరిగి ఇప్పించి, ఆ అధికారిని తప్పించింది. ఇది తప్పు. పోలిక ఉన్న బొమ్మలు ఒకే ఓటింగ్ యంత్రంపై ఉండకూడదు.

సిరా చుక్క: పోలికకు ఇక్కడ పనే లేదు. ఫొటో మనిషిని పోలి ఉంటుంది. వేలిపై సిరా ఓటు వేసినందుకు మిగిలిన జాడ. పార్టీ గుర్తు ఈ రెండూ కాదు, అది ఉత్త ఒప్పందం. కాంగ్రెసుకు కాడెద్దులు పోయి ఆవూదూడ వచ్చాయి, 1978లో చెయ్యి వచ్చింది. ఏ బొమ్మలోనూ కాంగ్రెసు పోలిక లేదు. ప్రతిసారీ జనం కొత్తగా నేర్చుకున్నారు.

కొల్లేటి కొంగ: 2015 నుంచి అభ్యర్థి ఫొటో కూడా ఉంటోంది కదా. గుర్తులే ఎత్తేయవచ్చు.

మూసీ ఒడ్డు: నేర్చుకున్నదాన్నయినా కళ్లతోనే గుర్తుపట్టాలి కదండీ.

సిరా చుక్క: 2012 ఉత్తరప్రదేశ్ ఎన్నికల్లో ఏనుగు విగ్రహాలకు ముసుగులు వేయించారు. అక్కడ ఏనుగంటే బీఎస్పీ అని జనంలో స్థిరపడింది కాబట్టే. రాయి చెక్కడం ఎంత బాగుందన్నది ఎవరూ చూడలేదు.

మూసీ ఒడ్డు: ఆ రాయి ఏనుగులా లేకపోతే ముసుగు ఎందుకు వేస్తారు? మీ ఉదాహరణ నా వైపే నిలిచింది.

సిరా చుక్క: మీరు ఒకే ముక్క పట్టుకుని వేలాడుతున్నారు. రోలరుకూ కారుకూ తేడా తెలియని ఓటరు కోసం గుర్తుల జాబితానంతా తిరగరాయాలా?

మూసీ ఒడ్డు: మాట జాగ్రత్త. మా అమ్మమ్మకు రెండు కళ్లకూ శుక్లాలు. పోలింగ్ కేంద్రం నుంచి వచ్చి "చక్రాల బొమ్మకు వేశాను" అంది. ఏ చక్రాలో మాకు ఇప్పటికీ తెలియదు. 1951-52లో అభ్యర్థికొక పెట్టె పెట్టి, పెట్టెకొక బొమ్మ అంటించింది ఎవరి కోసం? అక్షరం రాని ఇలాంటి మనుషుల కోసమే.

కొల్లేటి కొంగ: ఇద్దరూ శాంతించండి.

సిరా చుక్క: పెద్దావిడను నేను ఏమీ అనలేదు. నా మంట వేరు. వార్డు ఎన్నికలో నేను స్వతంత్రంగా నిలబడ్డాను. తమ గుర్తులా ఉందని ఒక పెద్ద పార్టీ అనగానే నాకిచ్చిన గుర్తు మార్చేశారు. అచ్చు వేయించిన కరపత్రాలన్నీ వృథా అయ్యాయి. పోలిక పేరుతో చక్రాలున్నవన్నీ ఒక పార్టీకి రాసిచ్చేస్తే, డబ్బులేనివాడికి ఏ బొమ్మ మిగులుతుంది?

మూసీ ఒడ్డు: అయితే మన తగాదా పోలిక గురించి కాదు. గుర్తు మీకు అభ్యర్థి హక్కు. నాకు అది ఓటరు చేతికర్ర. రోలరును ఎవరికైనా ఇవ్వండి. మసక కంటికి కూడా కారు కాదని తెలిసేలా గీసి ఇవ్వండి.

సిరా చుక్క: తెలుస్తోందో లేదో తేల్చేది ఎవరు? మీ అమ్మమ్మను అడిగితే నాకు సమ్మతమే. కారు పార్టీని అడిగితే ఒప్పుకోను.