ఎనుమాముల వేలం పాట ధర, కాంటా (తూకం) ధర: ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్‌కు ప్రశ్న ఎలా కుదించాలి?

సుబేదారి_ఎల్‌ఎల్‌ఎం: ‘వ్యవసాయ మార్కెట్లో రైతుకు నష్టపరిహారం’ అనే సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) మరీ వెడల్పుగా ఉందని తిరిగొచ్చింది. వరంగల్ ఎనుమాముల మిర్చి యార్డు మీదే రాయాలనుంది. ఎక్కడ పట్టుకోవాలి సార్?

ఒప్పందాల_సార్: నష్టపరిహారంతో మొదలుపెట్టకు తమ్మీ. ఒప్పందం ఏ క్షణాన కుదిరిందో తేల్చు, ఉల్లంఘన సంగతి ఆ తర్వాత. పొద్దున వేలం పాటలో ఒక ధర పలికి, కాంటా కాడ తేమ ఉందనో తాలు కలిసిందనో తగ్గించారనుకో. సరుకుల విక్రయ చట్టం, 1930, సెక్షన్ 64(2) ప్రకారం సుత్తి దెబ్బతో గానీ, అక్కడి వాడుక ప్రకారం గానీ ప్రకటించగానే వేలం పూర్తి. అప్పటిదాకే పాడినవాడు వెనక్కి తగ్గొచ్చు. మరి యార్డులో సుత్తి దెబ్బకు సమానమైనది ఏది? ధర పలకడమా, చీటీ రాయడమా? ఫీల్డ్‌వర్క్ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి. టెండరు పద్ధతి అయితే 64 వర్తించదు, మామూలు ప్రతిపాదన, అంగీకారాల లెక్కే.

హన్మకొండ_వకీలు: అదే చట్టం సెక్షన్ 22 మరవొద్దు. ధర తేలడానికి అమ్మేవాడే తూకం వేయించాల్సి ఉంటే, తూకం అయి కొన్నవాడికి తెలిసేదాకా సరుకు మీద హక్కు మారదు. ఒప్పందం పాటలోనే కుదురుతుంది, యాజమాన్యం మాత్రం కాంటా దాటాకే. అందుకే కాంటాకు ముందే కొనుగోలుదారు వద్దంటే, మామూలుగా సెక్షన్ 55 కింద పూర్తి ధర కాదు, 56 కింద నష్టం అడగాలి. 20 క్వింటాళ్లు, క్వింటాలుకు పాట 14,000, వేరేచోట అమ్మితే 13,200 వచ్చిందంటే తేడా 16,000.

ఒప్పందాల_సార్: అసలు చిక్కు ఇంకోచోట ఉంది. రైతు తగ్గించిన డబ్బు తీసుకొని తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) మీద సంతకం పెట్టాడనుకో. ఇంగ్లండు పుస్తకాలు చదివినవాళ్లు 1884 నాటి ఫోక్స్ వర్సెస్ బీర్ తీర్పు పట్టుకొని, తక్కువ సొమ్ముతో ఎక్కువ బాకీ తీరదని రాసేస్తారు. మన దగ్గర అది తప్పు. 1872 ఒప్పందాల చట్టం సెక్షన్ 63 ఉదాహరణ (బి)లో 5,000 బాకీకి 2,000 పూర్తి చెల్లుబాటుగా తీసుకుంటే మొత్తం తీరిపోతుంది. బదులుగా ఇంకేదో ఇవ్వాలన్న ప్రతిఫలం అక్కర్లేదు. సుప్రీంకోర్టు కపూర్ చంద్ గోధా కేసు (ఏఐఆర్ 1963 ఎస్సీ 250) చదువు, హైదరాబాద్ ప్రిన్స్ బాకీ కథే. కానీ ఆ అంగీకారం ఇష్టపూర్వకమేనా? ఎండలో బస్తాలు, తిరుగు బండి కిరాయి, పొద్దుగూకేలోపు అమ్ముకోక తప్పని స్థితి. సెక్షన్ 15 బలవంతం నిర్వచనంలో ఇది ఇమడడం కష్టం. సెక్షన్ 16 కింద అనుచిత ప్రభావం రుజువు కావాలంటే ఆధిపత్య స్థానాన్ని చూపాలి. అక్కడే నీ థీసిస్.

మిర్చి_యార్డు: కాగితాల మాట. తక్‌పట్టీలో కాంటా బరువు, తరుగు, హమాలీ, కమీషన్ కనబడతాయి. పాట ధర లేకుండా తగ్గిన ధర ఒక్కటే ఉంటే పోల్చడానికేం మిగలదు, కాబట్టి లాట్ నంబరున్న చీటీ కూడా జతగా అడుగు. ఒకే సరుకు, ఒకే సీజన్ తీసుకో, మిర్చి, పత్తి కలపొద్దు. రైతు పేరు, ఊరు కొట్టేసి కాపీ పెట్టుకో. అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) ఎవరి ఏజెంటో కూడా అడుగు, ఒప్పందాల చట్టం సెక్షన్ 213 ప్రకారం లెక్క చెప్పడం ఏజెంటు బాధ్యత.

హన్మకొండ_వకీలు: సాక్ష్యం గురించి రాసేటప్పుడు పాత సాక్ష్య చట్టంలోని 91, 92 నంబర్లు (రాతపూర్వక ఒప్పందం ఉంటే నోటి సాక్ష్యానికి హద్దులు పెట్టే సెక్షన్లు) పెట్టకు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో అవి 94, 95.

సుబేదారి_ఎల్‌ఎల్‌ఎం: అట్లయితే శీర్షిక ఇట్లా మారుస్తున్నా: ‘పాట తర్వాత ధర తగ్గింపునకు రైతు అంగీకారం: సెక్షన్ 63 పరిధి’.