ఉగాది సభ వీడియో: హాలు వారు కాదన్నాక ఏం చేద్దాం?

కార్యదర్శి, మంగళవారం రాత్రి:
అందరికీ నమస్కారం. శనివారం సభకు రాసుకున్న పనుల పట్టికలో మూడవది, అంటే వీడియో, ఇవాళ తలకిందులైంది. నడిచే దారుల్లో కెమెరా స్టాండ్లు పెడితే అత్యవసర ద్వారాలకు అడ్డమవుతాయని, మైకుల ధ్వనిని కలిపే తమ సౌండ్ మిక్సర్‌కు బయటివారు రికార్డింగు వైరు తగిలించడం కుదరదని హాలు నిర్వాహకులు తెలియజేశారు. వారి మనిషిని పెట్టుకుంటే వైరు ఇస్తారట. దానికి అడిగిన రుసుము మన భోజనాల ఖర్చులో సగం.

కోశాధికారి:
అంత సొమ్ము లేదు. పట్టికలో నాలుగవ పని, దాతల పేర్ల స్లైడ్లు, ఎవరు చూస్తున్నారో కూడా చెప్పండి.

వీడియో బాధ్యులు:
హాలు వారిని ముందే అడగమని మూడు వారాల క్రితం రాశాను. నిరుడు పంచాంగ శ్రవణంలో పంతులుగారి మాట వినబడలేదని తిట్లు తిన్నది నేను. స్పీకర్లకు అంత దూరాన ఫోను పెడితే హాలు ప్రతిధ్వని, పక్క కుర్చీలోని పిల్లవాడి చిప్స్ పొట్లం చప్పుడు తప్ప ఇంకేం పడుతుంది? వైరు లేకపోతే ఈసారి నన్ను వదిలేయండి.

కార్యదర్శి:
ఆ రోజే అడిగానండీ. జవాబు ఇవాళ వస్తే నా తప్పా?

నృత్యాల బాధ్యురాలు:
తమ్ముడూ, నిరుడు కూచిపూడిలో వెనక ఎల్‌ఈడీ తెర ధగధగలాడి పిల్లల ముఖాలు నల్లబడ్డాయి. తల్లులు ఇప్పటికీ నన్నే అడుగుతున్నారు. నువ్వు తప్పుకుంటే వాళ్లకు ఏమని చెప్పను?

వీడియో బాధ్యులు, బుధవారం ఉదయం:
అక్కా, కార్యదర్శిగారూ, రాత్రి మాట తూలినందుకు మన్నించండి. పంతులుగారి బల్ల మీద, మైకు పక్కనే, ఒక పాత ఫోనును ఫ్లైట్ మోడ్‌లో ఉంచి ధ్వని మాత్రం రికార్డు చేద్దాం. కాలర్ మైకు పెడితే ఉత్తరీయం రాసుకుని గరగరలాడుతుంది. కెమెరాగా వాడే రెండో ఫోనుకు వెనక గోడ వద్ద, దారి కానిచోట, స్టాండు పెట్టుకోవచ్చని హాలు వారు ఫోనులో ఒప్పుకున్నారు. అంత దూరం నుంచి జూమ్ చేయకుండా 4కేలో, అంటే మామూలు 1080 వీడియోకు రెట్టింపు వెడల్పులో, వేదికంతా తీస్తే, 1080లో ఎడిట్ చేసేటప్పుడు సగం వెడల్పు వరకు కత్తిరించినా స్పష్టత పోదు, ఒక్క కెమెరాతోనే రెండు కోణాలున్నట్లు ఉంటుంది. మెల్‌బోర్న్ కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, నిరుడు వీడియోలో చారలు పాకింది అందుకే. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్‌లో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు సెకనులో 1/50 వంతు షట్టరు బిగిస్తాను, అప్పుడు ప్రతి ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడి చారలు రావు. ఎక్స్‌పోజరు, అంటే కెమెరా ఎంత వెలుతురు తీసుకోవాలన్నది, తెరను చూసి కాదు, పిల్లల ముఖాలను చూసి లాక్ చేయాలి. తెర వెలుతురు కూడా తగ్గిస్తే మేలు.

నృత్యాల బాధ్యురాలు:
తెర నడిపేవారితో నేను మాట్లాడతాను. రెండు ఫోన్లలోని ధ్వనినీ, వీడియోనూ కలపడం ఎలా?

వీడియో బాధ్యులు:
మొదట్లో, చివర్లో మీరు వేదిక మీద గట్టిగా ఒక్కో చప్పట్లు కొట్టండి. గంట గడిచేసరికి రెండు ఫోన్ల రికార్డింగుల సమయంలో కొంత తేడా వస్తుంది. ఆ రెండు గుర్తులుంటే సర్దుకోవచ్చు.

కోశాధికారి:
వెనక వరుసలో మూడు కుర్చీలు ఆపి, చిప్స్ పిల్లలను ముందుకు పంపిస్తాను. బల్ల దడదడ ఫోనుకు తగలకుండా కింద పరచడానికి మందపాటి తువ్వాలు మా ఇంట్లో ఉంది, తెస్తాను.