190 వోల్టులకి హీటర్ రాడ్ 7.9 ఆంపియర్లు లాగాలి కదా, 5.4 ఏంటి?

ప్రశ్న:
నీళ్లు కాచే రాడ్ మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంది. సాయంత్రం రాడ్ వేసి సాకెట్ దగ్గర చూస్తే 190 వోల్టులే. పవర్‌ని వోల్టేజీతో భాగిస్తే కరెంట్ వస్తుంది కాబట్టి 1500 ÷ 190 = 7.9 ఆంపియర్లు రావాలి. క్లాంప్ మీటర్ మాత్రం 5.4 చూపిస్తోంది. ఫేజ్ వైరు ఒక్కదానికే తగిలించాను. మీటర్ పోయిందా?

జవాబు 1:
మీటర్ బాగానే ఉందండీ. 1500 అనేది 230 వోల్టులు అందినప్పటి మాట. రాడ్‌లో మారనిది పవర్ కాదు, రెసిస్టెన్స్, అంటే కరెంట్‌కి అది ఇచ్చే అడ్డు. ముందు అది తీయండి: 230 × 230 ÷ 1500 = 35.3 ఓమ్‌లు. ఇక 190 ÷ 35.3 = 5.4 ఆంపియర్లు. అచ్చం మీ రీడింగే. పవర్ 190 × 5.4, అంటే సుమారు 1025 వాట్లు. వోల్టేజీ 17 శాతం తగ్గితే పవర్ 32 శాతం పడిపోయింది, ఎందుకంటే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పోతుంది. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 45 డిగ్రీలకి రావడానికి 14 నిమిషాలు చాలేది, ఇప్పుడు 20 దాటుతుంది.

ప్లగ్ పీకి, మల్టీమీటర్‌తో రెండు చిన్న పిన్నుల మధ్య చూసినా దాదాపు 35 ఓమ్‌లే రావాలి. ఎర్త్ పిన్నుకి, వాటిలో దేనికైనా మధ్య ఎన్నో కొన్ని ఓమ్‌లు చూపిస్తే మాత్రం ఆ రాడ్ నీళ్లలో పెట్టకండి.

జవాబు 2:
రాడ్ లోపల ఉండే నైక్రోమ్ తీగ వేడెక్కినా రెసిస్టెన్స్ పెద్దగా మారదు కాబట్టి రాడ్‌కి ఈ లెక్క కుదురుతుంది. పాత 100 వాట్ల బల్బుకి కుదరదు. వెలుగుతున్నప్పుడు 529 ఓమ్‌లు ఉండే ఫిలమెంట్, చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌లో అందులో పదో వంతు కూడా చూపించదు. మోటార్‌కి వైండింగ్ ఓమ్‌లతో కరెంట్ లెక్కేయడం అసలే తప్పు. మీరనుకున్నట్టు వోల్టేజీ తగ్గితే కరెంట్ పెరగడం లోడ్ మీదున్న మోటార్‌లో జరుగుతుంది, వైండింగ్ కాలేది అందుకే. అక్కడ వోల్టేజీని కరెంట్‌తో గుణిస్తే వచ్చేవి వాట్లు కావు, పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో నిజంగా ఖర్చయ్యే పవర్ ఎంత వంతో చెప్పే అంకె) కూడా గుణించాలి.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది. రాడ్ ఆపేస్తే అదే సాకెట్‌లో 204 వస్తోంది. అది మామూలేనా?

జవాబు 1:
కాదు, అది వదిలేయకండి. 14 వోల్టులు దారిలో పోతున్నాయి. 14 ÷ 5.4 = 2.6 ఓమ్‌లు వైర్లలో, జాయింట్లలో ఉన్నట్టు. 14 × 5.4 = 75 వాట్ల వేడి నీళ్లకి చేరకుండా మధ్యలోనే పుడుతోంది. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరు పొడవుకి రెసిస్టెన్స్ 0.018 ఓమ్‌లు. మీటర్ బోర్డు 15 మీటర్ల దూరమైతే రానూపోనూ 30 మీటర్లకి అర ఓమ్ చిల్లర, అంటే 3 వోల్టులే పోవాలి. మిగతాది ఎక్కడో లూజు కనెక్షన్ అయి ఉండాలి, లేదా సర్వీస్ వైరులో, లైన్‌లో పోతుండాలి. అర ఓమ్ లూజు ఒక్క ప్లగ్ పిన్ను దగ్గరే ఉన్నా అక్కడ 15 వాట్లు పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది.

రాడ్ వేసి, ఆపి, మెయిన్ స్విచ్ దగ్గర వోల్టేజీ చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. అక్కడా 14 పడితే సర్వీస్ వైరు, స్తంభం వైపు. పడకపోతే ఇంటి లోపలే. ఆ రాడ్‌ని 6 ఆంపియర్ల సాకెట్‌కి పెట్టి ఉంటే ముందు 16 ఆంపియర్లదానికి మార్చండి. 230 వోల్టులు వచ్చిన రోజు అది 6.5 లాగుతుంది.