పాత సరౌండ్ ప్రీఆంప్ తీసుకోవాలా, ప్రీఅవుట్లున్న రిసీవర్ తీసుకోవాలా?

మాది పర్లాకిమిడి. ఐదు ఛానెళ్ల పవర్ ఆంప్, 5.1 స్పీకర్లు ఉన్నాయి, వాటికి ముందు ఉండాల్సిన ప్రీఆంపే (సౌండ్‌ని డీకోడ్ చేసి, వాల్యూమ్ సర్ది ఆంప్‌కి పంపే పెట్టె) లేదు. ప్రస్తుతం కంప్యూటర్ సౌండ్‌కార్డు అనలాగ్ అవుట్‌పుట్‌ని నేరుగా ఆంప్‌కి ఇస్తున్నాను. సౌండ్ బాగానే వస్తుంది గానీ ఒకటే హమ్ (గుయ్‌మనే శబ్దం), సినిమాలో మాటలు ఆగితే చాలు అదే వినిపిస్తుంది. కేబుళ్లు మార్చాను, అన్నిటినీ ఒకే బోర్డుకి పెట్టాను, ఎర్తింగ్ కూడా చూపించాను, తగ్గలేదు. పైగా 4కే స్ట్రీమింగ్ స్టిక్‌ని ఇందులో కలిపే దారి లేదు.

బడ్జెట్ 35,000, సెకండ్‌హ్యాండే. మరాంజ్ ఏవీ7005 గానీ ఎమోటివా యూఎంసీ-200 గానీ చూస్తున్నాను. రెండూ హెచ్‌డీఎంఐ 1.4 కాలంవి, హెచ్‌డీసీపీ 2.2 (4కే వీడియోకి కావాల్సిన కాపీ రక్షణ) లేదు, కాబట్టి స్టిక్‌ని టీవీకి పెట్టి, టీవీ ఆప్టికల్ నుంచి మామూలు డాల్బీ డిజిటల్ 5.1 తీసుకోవాలి. అది నాకు చాలు, బ్లూరే ప్లేయర్ ఎలాగూ హెచ్‌డీఎంఐలో నేరుగా ప్రీఆంప్‌కే వెళ్తుంది. అట్మాస్ (పైనుంచి కూడా వచ్చే సరౌండ్ సౌండ్) అక్కర్లేదు, గది 12 బై 14 అడుగులే.

నా టెన్షన్ అంతా హెచ్‌డీఎంఐ బోర్డు గురించే. అది పోతే ఇక్కడ బాగుచేసేవాళ్లు లేరు, ఇంత బరువు పెట్టెని వైజాగ్ మోసుకెళ్లాలి. ఇంకో దారి డెనాన్ ఎక్స్3300డబ్ల్యూ లాంటి రిసీవర్ (ప్రీఆంప్, ఆంపులు ఒకే పెట్టెలో), 7.2 ప్రీఅవుట్లు (బయటి ఆంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లు), హెచ్‌డీసీపీ 2.2 రెండూ ఉన్నాయి, కాకపోతే నాకు అవసరం లేని ఆంపులకి కూడా డబ్బు పెట్టినట్టే.

పాతవి వాడినవాళ్లు చెప్పండి, హమ్ లేకుండా ఇంకో నాలుగైదేళ్లు నమ్మకంగా నడవాలంటే ఈ మూడింట్లో ఏది తీసుకోమంటారు?