డిమాండ్ రేఖ పటంలో ధరను నిలువు అక్షం మీద ఎందుకు తీసుకుంటారు?

ప్రశ్న (ఎంఈసీ మొదటి సంవత్సరం విద్యార్థి):
గణితంలో స్వతంత్ర చలరాశిని అడ్డంగా ఉండే ఎక్స్ అక్షం మీద, దానిపై ఆధారపడిన రాశిని నిలువుగా ఉండే వై అక్షం మీద గుర్తించాలని నేర్పారు. అర్థశాస్త్రంలోనేమో, ధర మారితే డిమాండ్ మారుతుందని చెబుతూనే, ధరను ఓవై అక్షం మీద, డిమాండ్ పరిమాణాన్ని ఓఎక్స్ అక్షం మీద తీసుకుంటున్నారు. యూనిట్ పరీక్షలో నేను ధరను అడ్డంగా తీసుకుని గీస్తే పటం తప్పని రెండు మార్కులు తీసేశారు. నా రేఖ కూడా ఎడమ నుంచి కుడికి కిందికే వాలింది. తప్పు ఎక్కడ జరిగిందో దయచేసి వివరించగలరు.

జవాబు (అర్థశాస్త్రం అధ్యాపకుడు):
మీ తర్కంలో లోపం లేదు. 1838లో ఫ్రాన్సుకు చెందిన ఆర్థికవేత్త కూర్నో డిమాండ్ రేఖను గీసినప్పుడు ధరను అడ్డంగానే తీసుకున్నారు. ఇప్పుడు మనం గీసే పద్ధతి 1890లో వెలువడిన, ఇంగ్లండ్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ గ్రంథంతో స్థిరపడింది. ఆయన ప్రశ్నను తిరగేశారు: ఇంత సరుకు బజారుకు వస్తే, అదంతా అమ్ముడుపోవడానికి కొనేవారు ఎంత ధర ఇస్తారు? అలా చూస్తే ముందు తెలిసేది పరిమాణం, దాని వెంట వచ్చేది ధర. మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా వేలం చూసినవారికి ఇది వింతగా తోచదు; ఆ రోజు ఎంత సరుకు దిగిందో చూసుకున్నాకే వ్యాపారులు పాట మొదలుపెడతారు. మన పాఠ్యపుస్తకాలు ధరను కారణంగా చెబుతూ, పటాన్ని మాత్రం మార్షల్ గీసినట్టే ఉంచుకున్నాయి. నిజానికి ఈ సంగతి తరగతిలో మొదటి రోజే చెప్పాలి, కానీ చాలామందిమి చెప్పము.

జవాబు (గణితం చెప్పేవారు):
రేఖ కిందికే వాలినా, వాలు విలువ ఒకటి కాదు. కిలో 40 రూపాయలున్నప్పుడు 2 కిలోలు, 30 రూపాయలకు దిగినప్పుడు 4 కిలోలు కొన్నారనుకుందాం. పుస్తకంలోని పటంలో నిలువు మార్పు −10, అడ్డం మార్పు 2, కాబట్టి వాలు −5; మీ పటంలో అదే −0.2 అవుతుంది. వ్యాకోచత్వం (ధర మారితే డిమాండ్ ఎంత మేరకు మారుతుందనే కొలత) పాఠానికి వచ్చేసరికి ఈ తేడా బాగా ఇబ్బంది పెడుతుంది. సంపూర్ణ అవ్యాకోచ డిమాండ్ రేఖ, అంటే ధర ఎంత మారినా పరిమాణం మారనప్పటి రేఖ, ఓవై అక్షానికి సమాంతరంగా ఉంటుందని పుస్తకం చెబుతుంది, మీ పద్ధతిలో అది పడుకుని కనిపిస్తుంది. పైగా వ్యాకోచత్వ సూత్రంలో పరిమాణంలోని మార్పును ధరలోని మార్పుతో భాగిస్తాము గనుక, పుస్తకం పటం నుంచి తీసిన −5ను సూత్రంలో నేరుగా వేయకూడదు, దాని వ్యుత్క్రమాన్ని (1ని −5తో భాగిస్తే వచ్చే −0.2ను) వేయాలి.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జవాబు పత్రాన్ని మళ్లీ తీసి చూసుకుంటే, అక్షాల వెంట 10, 20, 30 అని అంకెలు మాత్రమే వేశాను, ఏది ధరో ఏది పరిమాణమో ఎక్కడా రాయలేదు.

జవాబు (అర్థశాస్త్రం అధ్యాపకుడు):
అయితే నేను దిద్దినా ఆ రెండు మార్కులూ తీసేసేవాడినే. ఇకపై ఓవై పక్కన ధర (రూపాయల్లో), ఓఎక్స్ కింద పరిమాణం (కిలోల్లో) అని రాసిన తర్వాతే రేఖ గీయండి.