తంగేడు గింజలు మొలవట్లేదు, ఏం చేయాలి?

ఎర్రచెలక:
సిద్దిపేట దగ్గర ఇంటి ముందు ఎర్ర గరపనేల, పొద్దంతా ఎండ, నీళ్లు నిలవవు. బతుకమ్మకు కోసుకునేలా నాలుగు తంగేడు పొదలు కావాలి. గింజలు వేసి మూడు వారాలైంది, ఒకటీ అరా తప్ప లేవలేదు. గుట్ట మీది మొక్కనే పీకి తెచ్చి నాటొచ్చా?

గింజలసంచి:
గింజ మంచిదే అయ్యుంటుంది, దాని పొట్టే నీటిని లోపలికి రానివ్వదు. కాయ ఎండి, ఊపితే గలగలమన్నాకే కోయండి. చిల్లు పడ్డ గింజలు పారేయండి, లోపల పురుగు తినేసి ఉంటుంది. నీళ్లు మరిగించి, దించి, రెండు మూడు నిమిషాలు ఆగి గింజల మీద పోయండి. రాత్రంతా అందులోనే ఉంచితే తెల్లారేసరికి కొన్ని ఉబ్బుతాయి, అవే విత్తాలి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క కాస్త రుద్ది మళ్లీ నానబెట్టండి. పొయ్యి మీదే ఉంచి ఉడికిస్తే మాత్రం గింజ చస్తుంది. లోతు ఒక సెంటీమీటరు చాలు.

మోటబావి:
పీకి తెస్తే తల్లివేరు తెగుతుంది, పది నాటితే ఒకటి బతకడమూ కష్టమే. తొలకరికి నేరుగా నేలలోనే చోటుకు మూడు గింజలు వేసి, బలమైనది ఒకటి ఉంచండి. పొదకూ పొదకూ 4 అడుగులు. ఎరువు గుప్పించొద్దు, ఆకు పెరిగి పూత తగ్గుతుంది. (చిక్కుడు జాతే కదా, నేలకు నత్రజని ఇస్తుందిలే అనుకోకండి. దీని వేళ్లకు నత్రజనిని పట్టే బుడిపెలు రావు.) మొదటి ఎండాకాలం వారానికోసారి తడిపితే సరి. గులాబీలకు పెట్టే డ్రిప్పు దీనికీ పెడితే మొదలు నల్లబడి కుళ్లుతుంది.

ఎర్రచెలక:
గింజలు రోడ్డు పక్కన ఏరినవి. అసలు తంగేడేనా అని ఇప్పుడు అనుమానం. కత్తిరింపు ఎప్పుడు?

గింజలసంచి:
ఆకు కాడ మొదట్లో చూడండి, తంగేడుకు చెవి ఆకారంలో వెడల్పాటి పచ్చని రేకులుంటాయి. చిట్టి ఆకులు 8 నుంచి 12 జతలు, కొస గుండ్రం, కాయ పలచగా బల్లపరుపు. ఆకు కొస సూదిగా ఉండి, నలిపితే కంపు కొడితే అది కసింద.

పూత కొత్త కొమ్మల చివర్లలోనే వస్తుంది. అందుకే వానలకు ముందు మోకాలెత్తుకు కొట్టేసి, ఆషాఢం దాకా చివర్లు తుంచండి. శ్రావణం వచ్చాక కత్తెర ముట్టొద్దు, బతుకమ్మకు పూలుండవు.

మోటబావి:
ఆకులు తినే పచ్చ గొంగళ్లు కనిపిస్తే మందు కొట్టకండి, అవి సీతాకోకచిలుకలవి. ఎదిగిన పొద మళ్లీ చిగురేస్తుంది. జానెడు మొక్క మీదుంటే చేత్తో ఏరేయండి.